వెమ్ టౌన్‌హాల్ మంటల్లో పాప: ఒక దెయ్యం ఫోటో కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ కౌంటీలో వెమ్ అని ఒక చిన్న ఊరుంది. పాతకాలం నుంచీ సంత జరిగే ఊరు. 1995 నవంబర్ 19న అక్కడి టౌన్‌హాల్ అంటుకుంది. ఫైరింజన్లు వచ్చాయి, జనం రోడ్డుకు అవతల నిలబడి చూశారు. వాళ్లలో ఆ ఊరి ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ ఒకాయన 200 ఎం.ఎం. లెన్సుతో, బ్లాక్ అండ్ వైట్ రీలు మీద కొన్ని ఫోటోలు తీశారు. రీలు కడిగి ప్రింటు వేస్తే ఒక ఫ్రేములో మంటల మధ్య, గుమ్మం దగ్గర, రెయిలింగు వెనక ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. తలకు పాతకాలపు బానెట్ టోపీ, పొడుగు గౌను, నడుముకు వెడల్పాటి పట్టీ. కింది భాగం పొగలో కలిసిపోయినట్టు పల్చబడింది. మొహం మాత్రం తెలుస్తోంది.

ఆ పిల్లను చూశామని ఫోటో తీసినాయన చెప్పలేదు, పక్కన నిలబడ్డవాళ్లు చెప్పలేదు, మంటలార్పినవాళ్లూ చెప్పలేదు.

ఊరివాళ్లకు మాత్రం ఆ పిల్ల ఎవరో వెంటనే తెలిసిపోయింది. 1677లో వెమ్ ఒకసారి దాదాపుగా కాలి బూడిదైంది. జేన్ చర్మ్ అనే 14 ఏళ్ల పిల్ల చేతిలోని కొవ్వొత్తి నుంచి ఇంటి పైకప్పు గడ్డికి నిప్పంటుకుని, 140 ఇళ్ల దాకా కాలిపోయాయని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. మంట, ఆడపిల్ల, పాతకాలపు బట్టలు. మూడూ కలిశాక ఇంకేం కావాలి? ఫోటో పత్రికలకెక్కింది, దేశదేశాలు తిరిగింది. దెయ్యం ఫోటోల గురించి ఎక్కడ మాట వచ్చినా ఇప్పటికీ ఇది ముందు వరసలో ఉంటుంది.

నాది స్టూడియో డార్క్‌రూమ్‌లో మొదలైన జీవితం. ఇప్పుడు ఫోటోల్లో ఏది ఎలా వచ్చిందో తేల్చి చెప్పే పని చేస్తున్నాను. వెమ్ ఫోటో గురించి వచ్చిన పరిశీలనలన్నీ ఎన్నిసార్లు తిరగేశానో లెక్కలేదు. దానికి కారణం నేనే చేసిన ఒక తప్పు. ముందు అది చెప్పాలి.

స్టూడియో రోజుల్లో ఒక కుటుంబం గృహప్రవేశం నాటి ఫోటో ఒకటి తెచ్చింది. గుమ్మం పక్క గోడలోంచి తొంగి చూస్తున్నట్టు ఒక ముసలావిడ పల్చటి ఆకారం. ఆ ఇల్లు కడుతుండగానే ఇంటాయన తల్లి పోయారు. "దీన్ని ఎవరైనా మార్చారా బాబూ?" అని అడిగి, కత్తిరించిన నెగటివ్ ముక్క ఒకటి నా చేతిలో పెట్టారు. భూతద్దం కింద పెట్టి చూశాను. అతుకు లేదు, గీత లేదు, బ్రష్షుతో దిద్దిన టచింగ్ లేదు. "ఎవరూ ఏమీ చెయ్యలేదండీ" అన్నాను. నేను చెప్పింది అక్షరాలా నిజం. వాళ్లు విన్నది మాత్రం "అమ్మ అక్కడే ఉన్నారు" అని. ఆ ఇంట్లో కాపురం పెట్టలేదు, తాళం వేసి వెళ్లిపోయారు. చాలాకాలం తర్వాత ఆ రీలులోని మిగతా ముక్కలు నా కంటబడ్డాయి. కెమెరాలో రీలు సరిగా పట్టక జారి, రెండు ఫ్రేములు కొంత మేర ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గోడలో కనిపించినావిడ మిగతా సగం పక్క ఫ్రేములో ఉంది. వాళ్ల వీధిలోనే ఉండే పెద్దావిడ, తాంబూలం అందుకుంటున్నారు. నెగటివ్‌ని ఎవరూ మార్చలేదు. గోడలో ఎవరూ లేరు. రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఆ రోజు వాళ్లకు చెప్పి ఉంటే బాగుండేది. వాళ్లు అడగలేదు, నాకూ తోచలేదు.

వెమ్ కేసు మొత్తం ఈ మెలిక మీదే నడిచింది.

మొదటి పరిశీలన

అసాధారణ విషయాలను శాస్త్రీయంగా పరిశీలించే ఒక బ్రిటిష్ సంఘం చేతికి ఈ ఫోటో వెళ్లింది. వాళ్లు దాన్ని డాక్టర్ వెర్నన్ హారిసన్‌కు పంపారు. ఆయన రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ మాజీ అధ్యక్షుడు, పత్రాల్లో, ముద్రణలో ఫోర్జరీలు పట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ప్రింటుతో పాటు అసలు నెగటివ్ కూడా చూసి, నెగటివ్‌ను ఎవరూ దిద్దిన జాడలు లేవని చెప్పారు. దెయ్యం ఉందని మాత్రం ఆయన అనలేదు. పొగ, వెలుగు, కాలుతున్న సామాను కలిసి యాదృచ్ఛికంగా పిల్ల ఆకారంలా పడి ఉంటాయని ఆయన ఉద్దేశం. మబ్బులో ఏనుగు కనిపించినట్టు, చెట్టు బెరడు మీద వినాయకుడు కనిపించినట్టు.

హారిసన్‌ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆయన పేరు మన దక్షిణాదికి కూడా కొంత సంబంధం ఉన్న పేరు. 1884-85లో రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే పరిశోధకుడు మద్రాసు అడయార్‌కు వచ్చి, థియోసాఫికల్ సొసైటీ (దివ్యజ్ఞాన సమాజం) వ్యవహారాలు విచారించి, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన మేడమ్ బ్లావట్‌స్కీ మోసగత్తె అని తేల్చాడు. వందేళ్ల తర్వాత, 1986లో, ఆ నివేదికను తిరగదోడి, అందులోని చేతిరాత సాక్ష్యం నిలవదని వాదించింది ఈ హారిసనే. తగిన ఆధారం చేతిలో లేకుండా ఎవరినీ మోసగాడు అనకూడదన్న పట్టుదల ఆయనది. వెమ్ విషయంలోనూ అలాగే మెలిగారు. నెగటివ్‌ని దిద్దారా అని చూశారు, దిద్దలేదన్నారు.

పత్రికలు దాన్ని "నిపుణుడు నిజమని తేల్చాడు" అని రాసుకున్నాయి. నా దగ్గరికి వచ్చిన కుటుంబం విన్నట్టే విన్నాయి.

దిద్దని నెగటివ్ అంటే ఏమిటి

ఇక్కడ కాస్త ఆగి మా పని గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

మన ఇళ్లలో గోడకు దండ వేసి ఉన్న పాత పటాలు చూడండి. తాతగారు పోయాక "పటం కట్టించాలి, విడి ఫోటో ఒక్కటీ లేదు" అంటూ ఎప్పటిదో పెళ్లి గ్రూపు ఫోటో తెచ్చేవారు. మేం ముందు దాన్ని కాపీ తీసి పెద్ద ప్రింటు వేసేవాళ్లం. తాతగారి భుజం మీద పక్కవాడి చెయ్యి ఉంటే దాన్ని రంగుతో చెరిపేవాళ్లం. మడత పడి చిట్లిన చోట సన్నటి బ్రష్షుతో టచింగ్ చేసేవాళ్లం. కోటు లేకపోతే కోటు, కండువా లేకపోతే కండువా. భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో లేకపోతే ఇద్దరినీ రెండు ఫోటోల్లోంచి కత్తిరించి పక్కపక్కన అతికించేవాళ్లం. తర్వాత ఆ అతుకుల బొంతను బల్ల మీద పరిచి, రెండు వైపులా ఏటవాలుగా లైట్లు పెట్టి, మళ్లీ కెమెరాతో తీసేవాళ్లం.

అప్పుడు వచ్చే నెగటివ్ మచ్చ లేకుండా ఉంటుంది. దాని మీద ఏ భూతద్దం పెట్టినా అతుకు దొరకదు. అతుకున్నది కాగితం మీద. నెగటివ్ ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు చూసింది, అంతే. ఆ నెగటివ్‌ను హారిసన్‌కు పంపినా దీన్ని ఎవరూ దిద్దలేదనే చెప్పేవారు, అదీ నిజమే అయ్యేది.

కాపీ నెగటివ్‌ని పట్టుకోవడానికి వేరే గుర్తులు చూడాలి. ప్రింటును మళ్లీ ఫోటో తీస్తే నలుపు తెలుపుల మధ్య ఉండే బూడిద ఛాయలు తగ్గి, బొమ్మ బిరుసుగా తయారవుతుంది. మొదటి ఫిల్ము రేణువు మీద రెండో ఫిల్ము రేణువు పడుతుంది. రోడ్డు మీద నిలబడి తీసినప్పుడు ఉండే లోతు పోయి, అంచు నుంచి అంచు దాకా అంతా ఒకే ఫోకస్‌లో చదునుగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ముందు వెనక ఫ్రేములు. మంట ఫోటోలు వరసగా తీసిన రీలు అయితే, ఆ ఫ్రేముకు అటూ ఇటూ కూడా అదే మంట, అదే పొగ కొంచెం పెరిగో తగ్గో కనిపించాలి. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా ముక్క నెగటివ్ తీసుకోను. మొత్తం రీలు తెమ్మంటాను.

ఇదే మాట ఎదురువైపు నుంచీ వర్తిస్తుందని చెప్పడానికి ఇంకో ఫోటో ఉంది. 1966లో లండన్‌లోని గ్రీనిచ్‌లో, క్వీన్స్ హౌస్ అనే పాత భవనంలో, టులిప్ మెట్లు అని పేరున్న వంపుల మెట్ల దారిని ఒక రిటైరైన మతబోధకుడు ఫోటో తీశారు. అందులో ముసుగు వేసుకున్న ఆకారం ఒకటి రెయిలింగు పట్టుకుని పైకి ఎక్కుతోంది. అక్కడా నిపుణులు నెగటివ్ చూశారు, అక్కడా దిద్దలేదని తేలింది. అయితే ఆ ఫోటో ఎక్స్‌పోజర్ 4 నుంచి 6 సెకన్లు. అంతసేపు షట్టర్ తెరిచి ఉంటే, గబగబా మెట్లెక్కి వెళ్లిన మామూలు మనిషి పల్చటి ఆకారంగా మిగులుతాడు, చెయ్యి ఆగిన చోటల్లా చెయ్యి పడుతుంది. అక్కడ మోసం లేదు, దెయ్యమూ లేదు. వెమ్‌లో అలా కుదరదు. 200 ఎం.ఎం. లెన్సుతో మంటను 5 సెకన్లు తీస్తే నాలుకలు కలిసిపోయి తెల్లటి ముద్ద అవుతుంది. పైగా ఈ పిల్ల కదలలేదు. టోపీ అంచు, పట్టీ అంచు తెలిసేంత నిలకడగా ఉంది.

బ్రాడ్‌ఫర్డ్‌లో కనిపించిన గీతలు

తర్వాత ఈ ఫోటోను బ్రాడ్‌ఫర్డ్‌లోని జాతీయ ఫోటోగ్రఫీ, ఫిల్మ్, టెలివిజన్ మ్యూజియం నిపుణులు పెద్దది చేసి చూశారు. పిల్ల ఆకారం మీద అడ్డంగా సన్నటి గీతలు వరసగా కనిపించాయి. టీవీ బొమ్మలో ఉండే స్కాన్ గీతల లాంటివి. అంటే ఆ పిల్ల ఏదో టీవీ తెర మీద నుంచో, వీడియో మీద నుంచో తెచ్చి ఈ దృశ్యంలో కలిపిన బొమ్మ కావచ్చని వాళ్ల అభిప్రాయం.

డబ్బా టీవీల కాలంలో స్టూడియోలో ఉన్నవాళ్లకు ఈ గీతలు బాగా తెలుసు. బ్రిటన్‌లోనూ మన దూరదర్శన్‌లోనూ ఉండేది పాల్ (PAL) అనే ఒకే టీవీ ప్రసార పద్ధతి. బొమ్మ 625 అడ్డగీతలతో తయారవుతుంది, అందులో తెర మీద కనిపించేవి 576. బేసి గీతలు ఒక విడత, సరి గీతలు ఇంకో విడత పడతాయి. టీవీలో తమ ఊరి ఉత్సవం వచ్చిందనో, మనవడు కనిపించాడనో తెరను ఫోటో తీయించుకోవడానికి మనుషులు వచ్చేవారు. షట్టర్ వేగంగా కొడితే బొమ్మ మధ్యలో నల్లటి పట్టీ పడుతుంది. షట్టర్‌ను 1/15 సెకను దగ్గర పెట్టి, స్టాండు వేసి తీస్తేనే పూర్తి బొమ్మ వస్తుంది. వచ్చినా గీతలు పోవు. ఎంత చిన్న ప్రింటు వేసినా పెద్దది చేస్తే బయటపడతాయి.

దీని మీద ఒక అభ్యంతరం వింటుంటాను. ఆ గీతలు ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించిన స్కానర్‌వి కావచ్చు, పత్రికలో అచ్చేసినప్పుడు వచ్చినవి కావచ్చు అని. మంచి అభ్యంతరమే, నేనైనా మొదట అదే అడుగుతాను. కానీ స్కానర్ గీతలైతే గోడ మీద, మంట మీద, ఆకాశం మీద ఒకేలా నడవాలి. మ్యూజియం వాళ్లు చూసింది పిల్ల మీద.

వెలుతురు చెప్పేది

గీతల సంగతి పక్కన పెట్టినా నన్ను మొదటి నుంచీ కలవరపెట్టింది వెలుతురు. భోగి మంట ముందు నిలబడ్డ పిల్లల్ని మంటకు ఇవతలి నుంచి ఫోటో తీసి చూడండి. మంట వాళ్ల వెనక ఉంటుంది కాబట్టి పిల్లలు నల్లటి నీడలుగా పడతారు. అంచుల చుట్టూ సన్నటి వెలుగు గీత వస్తుంది, మొహం మాత్రం రాదు. వెమ్ ఫోటోలో పిల్ల వెనక కళ్లు మిరుమిట్లు గొలిపే మంట ఉంది. ముందు నుంచి ఆమె మీద పడే బలమైన వెలుతురు లేదు. అయినా మొహం, టోపీ, గౌను అన్నీ లేత బూడిద రంగులో, మబ్బు పట్టిన పగటి వెలుతురులో నిలబడ్డట్టు ఉన్నాయి. ఆమె మీది వెలుతురు ఆ మంటది కాదు.

దెయ్యాలకు వెలుతురు నియమాలు వర్తించవని అనేవాళ్లుంటారు. ఆ వాదనకు నా పరికరాల్లో జవాబు లేదు. కానీ ఫిల్ము మీద పడింది ఏదైనా సరే, వెలుతురుగానే పడాలి. ఆ వెలుతురు ఎటు నుంచి వచ్చిందో ఫిల్ము చెబుతుంది.

హారిసన్ చెప్పిన పొగ ఆకారం మాటను నేను చాలాకాలం నమ్మాను. మొహం ఒక్కటే అయితే ఇప్పటికీ నమ్మేవాణ్ని. రెండు మచ్చలు, ఒక గీత కనబడితే చాలు, మన కన్ను మొహం కట్టేస్తుంది. కానీ పొగ మొహంతో పాటు టోపీ, టోపీ అంచు, నడుము పట్టీ, గౌను వాలు అన్నీ ఒక మనిషి కొలతలకు సరిపోయేలా ఎలా అమరుస్తుంది? ఒకటి రెండు కుదరవచ్చు. అన్నీ కుదిరితే ఎక్కడో అసలు బొమ్మ ఉండి ఉండాలి.

1922 కార్డు

ఆ అసలు బొమ్మ బయటపడటానికి 15 ఏళ్లు పట్టింది. 2010లో ష్రాప్‌షైర్ స్టార్ పత్రిక పాత జ్ఞాపకాల పేజీలో 1922 నాటి ఒక పోస్టుకార్డు అచ్చేసింది. వెమ్ వీధి దృశ్యం. ష్రూజ్‌బరీలో ఉండే 77 ఏళ్ల రిటైరైన ఇంజినీరు ఒకాయన అది చూస్తూ ఎడమ పక్క నిలబడ్డ చిన్న పిల్ల దగ్గర ఆగిపోయారు. అదే టోపీ. అదే పట్టీ. అదే నిలుచున్న తీరు.

నిపుణులు, మ్యూజియాలు, సంఘాలు ఇన్నేళ్లు తిప్పలు పడ్డ కేసును, పొద్దున్నే పేపరు చదివే ఒక పెద్దాయన ఓపికగల కన్ను కదిలించింది. పోలిక ఒక్కటే అయితే నేను జాగ్రత్తగా ఉంటాను. పోలిక మనల్ని ఎన్నిసార్లు ముంచిందో నాకు తెలుసు. ఇక్కడ మాత్రం అది ఒంటరిగా రాలేదు. అతుకు లేని నెగటివ్ కాపీ తీస్తే వస్తుంది. గీతలు పిల్ల వేరే చోటి నుంచి వచ్చిందంటున్నాయి. వెలుతురు ఆమె పగటిపూట నిలబడిందంటోంది. కార్డులోని పిల్ల అదే ఊళ్లో, పగటిపూట, అదే బట్టల్లో ఉంది. నాలుగూ ఒకే వైపు చూపుతున్నాయి.

జేన్ చర్మ్ మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆ బట్టలు 1677 నాటివి కావు. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిష్ ఆడపిల్లలు వేసుకున్నవి. "పాతకాలం" అన్న ఒక్క మాటలో మనం 250 ఏళ్ల తేడాను దాటేశాం. నైజాం కాలపు షేర్వానీ చూసి గోల్కొండ నవాబు అనుకున్నట్టు.

సరే, ఎలా చేశారు? ఈ ప్రశ్న దగ్గరే ఇలాంటి కేసులు చాలా చెదిరిపోతాయి. 1869లో న్యూయార్కులో విలియం మమ్లర్ మీద విచారణ జరిగింది. చనిపోయినవాళ్ల ఆత్మలు పక్కన నిలబడ్డట్టు ఫోటోలు తీసి డబ్బు తీసుకునేవాడు. ఫోటోగ్రాఫర్లు వచ్చి, ఇలాంటివి తీయడానికి ఎన్ని దారులున్నాయో సాక్ష్యం చెప్పారు. అబ్రహం బొగార్డస్ అనే ఫోటోగ్రాఫరైతే ప్రదర్శనల వ్యాపారి పి.టి. బార్నమ్ పక్కన లింకన్ ఆత్మను నిలబెట్టిన ఫోటో తీసి కోర్టుకు తెచ్చాడు. అన్ని దారులు చూపినా, మమ్లర్ ఏ దారిన చేశాడో ఎవరూ నిరూపించలేకపోయారు. మోసమేనని తన మనసుకు తెలుస్తున్నా ఆధారం చాలలేదంటూ న్యాయమూర్తి అతన్ని వదిలేశాడు. మనిషికి శిక్ష వేయాలంటే ఆ పట్టింపు ఉండాల్సిందే. ఫోటో విషయంలో అంత అవసరం లేదు. వెమ్ పిల్ల మంటలోకి కెమెరా మీదుగా వచ్చిందా, తెర మీదుగా వచ్చిందా, కత్తెర మీదుగా వచ్చిందా అన్నది తేల్చకుండానే, ఆ రోజు ఆ గుమ్మంలో లేదని చెప్పవచ్చు.

ఫోటో తీసినాయన 2005లో చనిపోయారు. దాన్ని తాను కల్పించలేదనే చెబుతూ వచ్చారు. నేను ఆయన మీద తీర్పు రాయడం లేదు. నేను చూసేది బొమ్మను. నా కాగితం మీద ఇలా రాసుకున్నాను: నెగటివ్ దిద్దినది కాదు. దృశ్యం కల్పించినది. పిల్ల మూలం 1922 కార్డు.

ఇందులో మొదటి రెండు ముక్కల్నీ విడదీసి రాయడం ఇప్పుడు నాకు అలవాటైంది. ఈ రోజుల్లో వచ్చేవన్నీ ఫోన్ ఫోటోలు. వాట్సాప్‌లో వచ్చింది తెస్తారు. అందులో తీసిన సమయం, ఫోన్ వివరాలు ఏవీ మిగలవు, బొమ్మ కూడా నలిగిపోయి ఉంటుంది. తీసిన ఫోన్‌నే తెమ్మంటాను, దానికి ముందు వెనక తీసినవి కూడా చూపించమంటాను. రాత్రిపూట నైట్ మోడ్‌లో ఫోన్ చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. ఆ రెండు మూడు సెకన్లలో ఎవరైనా అడ్డంగా నడిస్తే గ్రీనిచ్ మెట్ల మీది ఆకారమే మళ్లీ రావచ్చు. తయారుగా ఉన్న దెయ్యం బొమ్మల్ని ఫోటోలో అతికించే యాప్‌లు ఏళ్ల నుంచీ ఉన్నాయి. ఒకే తెల్లచీర ఆకారం వేర్వేరు ఊళ్ల ఫోటోల్లో, ఒకే మడతలతో నిలబడి ఉంటుంది. ఆ మడతలు పట్టుకోవడానికి కావలసింది పరికరం కాదు, పేపరు చదివిన ఆ పెద్దాయన ఓపిక.

పని బల్ల ఎదురుగా గోడకు ఆ 1922 కార్డు ప్రింటు ఒకటి పెట్టుకున్నాను. దెయ్యం ఫోటో తెచ్చినవాళ్లు కూర్చోగానే చాలామంది అటే చూస్తారు. "ఎవరండీ ఆ పాప?" అంటారు. వెమ్ అనే ఊళ్లో పిల్ల అని చెబుతాను. వీధిలో నిలబడి ఉండగా ఎవరో ఫోటో తీశారని చెబుతాను. తర్వాత వాళ్లు తెచ్చిన ఫోటో అందుకుంటాను.